నాయన ఫుట్‌వాల్వు లెక్క

మా నాయన పడుకోవడం మానేశాడన్న సంగతి మా ఇంట్లో అందరికంటే ఆలస్యంగా తెలిసింది నాకే. అనంతపురంలో ఒక బడిలో తెలుగు చెప్పుకుంటూ, నెలకోసారి శనివారం మధ్యాహ్నం బస్సెక్కి కళ్యాణదుర్గం వచ్చి, సోమవారం పొద్దున్నే మళ్ళీ బస్సెక్కి పోయే మనిషిని నేను. ఆ కాస్త సేపట్లో ఇంటి సంగతులు ఏం తెలుస్తాయి? ఆ శనివారం నేను గడప దాటేసరికి ఆయన అన్నం తినడం అయిపోయింది. ఎప్పుడూ తిన్న చెయ్యి ఆరకముందే మంచం మీద వాలి గురక మొదలుపెట్టేవాడు. ఆరోజు మాత్రం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎదురుగా స్టూలు మీద రెండు దిండ్లు పేర్చుకుని, వాటి మీద తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మా బడిలో వెనక బెంచీ పిల్లలు నా పాఠం వింటూ నిద్రపోయేది అచ్చం అట్లాగే.

“ఇదేంది నాయనా, మంచం ఇరిగిందా?” అన్నాను.

“మంచానికేమి రోగం? నాకిట్లే బాగుండాది,” అన్నాడు కళ్ళు తెరవకుండా.

వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దుతూ గొంతు తగ్గించి చెప్పింది. “నెల నుంచి ఇంతేమ్మే. రాత్రి గూడా ఆ కుర్చీలోనే. పండుకోప్పా అంటే మింద పడి కొట్టేట్ల చూస్తాడు.”

ఆయన పడుకోలేకపోవడానికి అర్థమేమిటో నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే డాక్టరు మా ఇద్దరికీ కలిపి చెప్పాడు.

అంతకు ఏడాది ముందు కంటిలో శుక్లం తీయించుకోవడానికని ఆసుపత్రికి వెళ్తే, ఆపరేషనుకు ముందు గుండె చూసిన డాక్టరు స్టెతస్కోపు తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాడు. గుండె కొట్టుకునే చప్పుళ్ళ మధ్యలో బుస్సుమని ఇంకో చప్పుడు వస్తోంది, కన్ను సంగతి తర్వాత చూద్దాం, ముందు ఎకో తీయించండి అన్నాడు. మా నాయనకు అప్పటికి ఏ బాధా లేదు. పొద్దున లేచి స్కూటరు మీద ఊర్లు తిరిగి మోటర్లు బాగుచేసి వచ్చేవాడు. అనంతపురంలో ఎకో తీస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. తెర మీద ఒక పెద్ద నల్లటి గుండె, దాంట్లో ఎర్రగా నీలంగా రక్తం. లోపల తలుపులాంటిది ఒకటి మూసుకున్న ప్రతిసారీ సందులోంచి ఒక రంగుపాయ వెనక్కి చిమ్మేది. ఏమీ చదవకపోయినా అది తప్పని తెలిసిపోతుంది.

ఆ గుండె డాక్టరు ఓపికమంతుడు. గుండెలో నాలుగు కవాటాలుంటాయి, రక్తం ముందుకే పోవాలి, వెనక్కి రాకూడదు, అందుకే ఆ తలుపులు అని మొదలుపెట్టాడు. అవి సరిగ్గా మూసుకోకపోతే లీకేజీ. ఏ తలుపు కారుతోంది, ఎంత కారుతోంది, ఎంత తొందరగా మొదలైంది అన్నదాన్ని బట్టి మనిషి ఎట్లా ఉంటాడన్నది ఉంటుంది. కొద్దిగా కారేవాళ్ళు లోకంలో బోలెడు మంది. వాళ్ళలో చాలామంది ఆ సంగతి తెలియకుండానే ముసలివాళ్ళవుతారు. కుడివైపు తలుపు కారడం ఎక్కువగా ఎడమవైపు గుండెకో ఊపిరితిత్తులకో వచ్చిన చిక్కు వల్ల జరుగుతుంది, కాళ్ళు వాస్తాయి, పొట్ట ఉబ్బుతుంది. కొందరిలో తలుపు మంచిదే, గుండె సాగిపోయి రెక్కలు ఒకదానికొకటి అందవు. వాళ్ళకు ముందు గుండెకు మందు పడాలి. మా నాయనది ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్యనుండే మైట్రల్ వాల్వు. తలుపు రెక్కే సాగి వదులైంది. ఎక్కువగానే కారుతోంది. నిదానంగా వచ్చింది కాబట్టి గుండె పెద్దదై సర్దుకుపోయింది.

“ఆ సర్దుకుపోవడంతోనే చిక్కు,” అన్నాడు డాక్టరు. “ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు. తెలిసే సమయానికి కండరం అలసిపోతుంది. అలసిపోక ముందు బాగుచేస్తే మీ వయసువాళ్ళు ఎట్లా బతుకుతారో మీరూ దాదాపు అట్లాగే బతుకుతారు. అలసిపోయాక చేస్తే వాల్వు బాగవుతుంది, గుండె బాగవుతుందని నేను మాటివ్వలేను. ఆరు నెలలకోసారి రండి. ఈ లోపల నడిస్తే ఆయాసం వచ్చినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోయినా, ఆరు నెలలు ఆగకుండా వచ్చేయండి.”

మా నాయన అంతా విని తల ఊపాడు. “అంటే ఫుట్‌వాల్వు లీకేజీ గదా సార్.”

“సరిగ్గా చెప్పారు! అదే,” అన్నాడు డాక్టరు సంతోషంగా. పాపం ఆయనకేం తెలుసు, తాను దేనికి ఊ కొడుతున్నాడో.

మా నాయన ముప్పై ఏళ్ళకు పైగా మోటరు మెకానిక్కు. ఇప్పుడంటే అన్నీ బోర్లూ సబ్‌మెర్సిబుల్ మోటర్లూ గానీ, ఆయన పని నేర్చుకున్నప్పుడు మా చుట్టుపక్కల ఇంకా బావులుండేవి. గట్టు మీద మోటరు, బావిలోకి పైపు, పైపు అడుగున ఫుట్‌వాల్వు. నీళ్ళను పైకి రానిస్తుంది, కిందికి పోనివ్వదు. అది పాడైతే మోటరు ఆపగానే పైపులో నీళ్ళన్నీ బావిలోకి జారిపోతాయి. మళ్ళీ వేస్తే మోటరు ఉత్తగాలి తిప్పుతుంది. బకెట్లతో పై నుంచి నీళ్ళు పోయాలి, సందులు పూడుకుంటాయని పేడ కలిపి పోసేవాళ్ళూ ఉన్నారు. కొత్త వాల్వు తెచ్చేదాకా రైతులు ఒక ఉపాయం చేసేవాళ్ళు. కరెంటు ఉన్నంతసేపు మోటరు ఆపరు. తిరుగుతున్నంతసేపు కారేది తెలియదు, పారకం ఆగదు. ఆపితేనే తంటా.

ఆ ఉపాయాన్ని మా నాయన తన గుండెకు తగిలించుకున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే అమ్మతో అన్నాడట, నన్ను ఊరకే కూర్చోబెట్టద్దండి, నా మోటరు ఆపితేనే కష్టం అని. మేం నవ్వుకున్నాం. ఆయన నవ్వలేదు.

ఆరు నెలల తర్వాత రెండోసారి ఎకోకు వెళ్ళినప్పుడు మా పక్కన ధర్మవరం నుంచి వచ్చిన ఒక పట్టునేత అబ్బాయి కూర్చున్నాడు. ముప్పై దాటినట్టు లేడు. గుండె కొట్టుకునేటప్పుడల్లా అతని తల సన్నగా ఊగుతుండేది, ఎవరి మాటకో సరేనంటున్నట్టు. అతనిది గుండెలోంచి రక్తం బయటికి పోయే చోట ఉండే అయోర్టిక్ వాల్వు. పుట్టుకతోనే మూడు రెక్కలకు బదులు రెండే ఉన్నాయట. బయటికి నెట్టిన రక్తంలో సగం దాకా వెనక్కి వస్తోందట.

“బాధేమన్నా ఉండాదా?” అని అడిగాడు మా నాయన.

“ఏమీ లేదన్నా. దినామూ మగ్గంలో కూచుంటా. గుండె సైజు కొలత దాటింది, ఇంగ ఆగద్దు అన్నారు. వచ్చే నెల ఆపరేషను.”

“బాధ లేకుండా కోపిచ్చుకుంటావా?” మా నాయన నోరెళ్ళబెట్టాడు.

“బాధ వచ్చినాక పోతే పట్టు తెగినాక ముడేసినట్లుంటాదంట. డాక్టరు గాదు, నేనే అనుకుంటాండా,” అని నవ్వాడు. నాకు ఆ అబ్బాయి భలే నచ్చాడు. ఫోన్ నంబరు తీసుకున్నాను. మా నాయనకు ఆరోజు కండరం ఇంకా గట్టిగానే ఉందని చెప్పారు. అదే ఆయనకు పట్టుకొమ్మ అయింది. ధర్మవరం పిల్లోడు భయస్తుడు, నాకు రిపోర్టు మంచిగొచ్చింది అని దారిపొడుగునా బస్సులో చెబుతూనే ఉన్నాడు.

అందుకే ఆ శనివారం కుర్చీలో తల వాల్చిన మనిషిని చూసి నాకు భయమూ ఒళ్ళుమంటా ఒకేసారి వచ్చాయి. అప్పుడు ఒక్కొక్కటీ గుర్తుకు రాసాగాయి. రెండు నెలల నుంచి ఆయన నమాజు కుర్చీలో కూర్చుని చేస్తున్నాడు. మాది తెలుగు మాట్లాడుకునే సాయిబుల ఇల్లు. మసీదులో వెనక వరసలో మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళ కోసం నాలుగు కుర్చీలుంటాయి. మోకాళ్ళ నొప్పులని చెప్పి ఈయన కూడా ఆ వరసలో చేరాడు. ఎవరూ అనుమానపడలేదు, నేనూ పడలేదు. కానీ ఆ మోకాళ్ళతోనే షెడ్డులో గంటల తరబడి గొంతుక్కూర్చుని మోటరుకు రాగితీగ చుట్టేవాడు కదా! నొప్పి మోకాళ్ళలో లేదు. నుదురు నేలకు ఆనించి సజ్దా చేస్తే, ముందుకు వంగితే, ఊపిరి అందడం లేదు. ఇంటి నుంచి మసీదుకు పోయేటప్పుడు ప్రతి అంగడి దగ్గరా ఆగి మాట్లాడేవాడు. మా నాయనకు మాటల పిచ్చి అని ఊరంతా తెలుసు కాబట్టి, ఆయన ఆగేది ఆయాసానికని ఎవరికీ తోచలేదు.

నేను స్టూలు పక్కకు లాగి ఎదురుగా కూర్చున్నాను.

“నాయనా, నువ్వు పండుకుంటే ఊపిరాడతాందా లేదా?”

“ఆడదు,” అన్నాడు నిక్కచ్చిగా. దాచిపెట్టాలని కూడా అనుకోలేదు. “నేను ముందే చెప్పలే? పండుకుంటే ఆయాసం. లేసి కూచుంటే రొంతసేపటికి తగ్గిపోతాది. ఆపితే నీళ్ళు కిందికి దిగుతాండాయి, అంతే. ఇంగేం సాక్ష్యం గావల్ల నీకు?”

ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తి రమ్మని డాక్టరు చెప్పాడో, సరిగ్గా అదే వచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని తన లెక్క రుజువైందని కూర్చున్నాడు. బావికీ గుండెకూ తేడా లేదా అని అరిచాను. నువ్వు కూర్చుంటే ఊపిరితిత్తుల్లో నీళ్ళు అడుక్కు దిగుతాయి కాబట్టి ఊపిరి ఆడుతోంది, వాల్వు మంచిదవలేదు, లోపల గుండె అలసిపోతోంది, అదే నీకు చెప్పేది అని చేతులు తిప్పుతూ చెప్పాను. పిల్లలకు సంధులు చెప్పినట్టు మూడు రకాలుగా చెప్పాను.

“బడిలో పిల్లోళ్ళు గూడా ఇంతేనా, నీ పాఠం ఇంటే ఆయాసం వస్తాదా?” అన్నాడు.

అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. దాంతో కాస్త మెత్తబడ్డాడు. సోమవారం నాతో పాటు అనంతపురం వస్తానన్నాడు. అయితే ఒక షరతు. ఆదివారం ఒక చీనీతోటలో (బత్తాయినే మావైపు చీనీ అంటారు) బోరు మోటరు పైకి ఎత్తాలి, మాటిచ్చాను, చెట్లు ఎండిపోతున్నాయి అన్నాడు. ఇప్పుడే పోదాం పద అని నేను, మాట తప్పను అని ఆయన. తాడో పేడో అన్నంత దాకా వచ్చింది. చివరికి నేను కూడా తోటకు వస్తాను, నువ్వు కుర్చీలోంచి లేవకూడదు, పైపు మీద చెయ్యి వేయకూడదు అన్నాను. సరేనన్నాడు.

ఆదివారం పొద్దున మేం తోటకు పోయేసరికే ఎండ చిటపటలాడుతోంది. ఎర్రనేల, గులకరాళ్ళు, మధ్యలో ఆకులు ముడుచుకుని నిలబడ్డ చీనీచెట్లు. రైతు మా నాయన ఈడువాడే. అప్పటికే బోరు మీద మూడుకాళ్ళ ఇనుప స్టాండు నిలిపి, గొలుసు తగిలించి ఉంచారు. ఇద్దరు కూలీలు గొలుసు లాగుతుంటే పైపు ఒక్కొక్కటే పైకి వస్తోంది, విప్పి పక్కన పెడుతున్నారు. మా నాయన వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని అరుస్తున్నాడు. నేను ఆయన పక్కనే, పోలీసులాగా.

“మెల్లగప్పా! క్లాంపు బిగిచ్చినాకే ఇప్పండి. జారితే మోటరు పాతాళానికి పోతాది!”

అరిచిన ప్రతిసారీ మధ్యలో ఆగి గాలి పీల్చుకుంటున్నాడు. నేను లెక్కపెడుతున్నట్టు చూస్తున్నానని తెలిసి, నావైపు తిరగకుండా అరుస్తున్నాడు. మెడ పక్కన నరం ఎగిరెగిరి పడుతోంది. ఇంకా ఎన్ని పైపులున్నాయని రైతును అడిగాను. సగం కూడా కాలేదన్నాడు. ఆ సగం నాకు ఏడాదిలాగా గడిచింది. సోమవారం, సోమవారం అని మనసులో జపం చేసుకుంటూ కూర్చున్నాను.

చివరికి మోటరు పైకి తేలింది. అందరూ హమ్మయ్య అన్నారు. మా నాయన లేచాడు. నాయనా అన్నాను గట్టిగా. “ఎత్తనులే, చూస్తా,” అని రెండడుగులు వేసి, మోటరు పక్కన వంగాడు. వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నావైపు తిరిగి చూశాడు. అంత ఆశ్చర్యం ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

“లోపల ఏందో పుటుక్కుమనిందిమ్మే,” అన్నాడు.

తర్వాత దగ్గు. ఆగని దగ్గు. ఊపిరి బుడబుడమని చప్పుడు చేయసాగింది. పెదవులు నల్లబడ్డాయి. నోటి నుంచి గులాబీ రంగు నురుగు వచ్చింది. రైతు బొలెరో వెనక్కి తిప్పుకొచ్చాడు. ముగ్గురూ కలిసి ఆయన్ను ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టారు. పాపం, మంచి చేద్దామనే.

“పండుకోన్నా, పండుకో, ఏం గాదు,” అని రైతు ఆయన భుజాలు నొక్కి పట్టుకున్నాడు.

మా నాయన ఆ చేతులను తోసేస్తూ లేవబోతున్నాడు. కళ్ళు బయటికొస్తున్నాయి. మాట రావడం లేదు. ఆ కళ్ళు నన్ను వెతకడం చూశాను. అప్పుడు నాకు ఎక్కడి బలం వచ్చిందో తెలియదు. రైతును పక్కకు నెట్టి, లోపలికి దూరి, ఆయన్ను లేపి నిటారుగా కూర్చోబెట్టాను. కాళ్ళు కిందికి వేలాడేటట్టు చేసి, వీపు నా ఛాతీకి ఆనించుకుని రెండు చేతులతో పట్టుకున్నాను.

కళ్యాణదుర్గం చేరేదాకా ఆ మట్టిరోడ్డు మీద ప్రతి గుంతా నా ఒంట్లో దిగింది. ఆయన ఒక్కొక్క ఊపిరీ బావిలోంచి చేది లాగినట్టు లాగుతున్నాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఏడాది నుంచి ఏ మాట మీద ఆయనతో కొట్లాడుతున్నానో, ఆ మాటే నోటికి వచ్చింది.

“మోటరు ఆపొద్దు నాయనా. తిప్పుతానే ఉండు. ఆపొద్దు,” అని చెవిలో చెబుతూనే ఉన్నాను.

ఆయన తల ఊపాడు. చాలాసార్లు ఊపాడు.

కళ్యాణదుర్గం ఆసుపత్రిలో కూర్చోబెట్టే ఆక్సిజన్ పెట్టి, ఊపిరితిత్తుల్లో నీళ్ళు పోవడానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. రొప్పు కొంచెం తగ్గాక అంబులెన్సులో అనంతపురం, అక్కడి నుంచి బెంగళూరు. అక్కడి డాక్టరు చెప్పాడు. వాల్వు రెక్కను కింది నుంచి పట్టి ఉంచే సన్నటి తాళ్ళుంటాయి. వాటిలో ఒకటి తెగింది. ఇంతవరకు నిదానంగా కారిన తలుపు ఒక్కసారిగా బార్లా తెరుచుకుంది. నిదానంగా కారితే గుండె సర్దుకుంటుంది, ఒక్కసారిగా అయితే సర్దుకోవడానికి టైమే ఉండదు, రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తులు నిండిపోతాయి. మందులతో కొద్దిగా నిలబెట్టాం, ఆపరేషను తప్ప దారి లేదు అన్నాడు.

ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళాక అమ్మ తస్బీ పూసలు తిప్పుతూ గోడవారగా కూర్చుంది. నేను కూర్చోలేకపోయాను. ఎందుకో ధర్మవరం అబ్బాయికి ఫోన్ చేశాను. వెనక మగ్గం చప్పుడు వినిపిస్తోంది. అతనికి లోహపు వాల్వు వేశారట. రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర మింగాలి, ఎప్పటికప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలి, చెయ్యి తెగకుండా చూసుకోవాలి. అంతకుమించి ఏమీ లేదు, గుండె మళ్ళీ మామూలు సైజుకు వస్తోందన్నారు అని చెప్పాడు.

“పెద్దాయన బాగుండాడా అక్కా?” అన్నాడు.

లోపల ఆపరేషను జరుగుతోందని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఒకడు బాధ రాకముందే ఆపరేషనుకు పోయాడు. నాకు మా నాయన మీద కోపం ఎంత వచ్చిందంటే, బతికి బయటికి వస్తే చాలు, జన్మంతా తిట్టుకోవచ్చు అనుకున్నాను.

బతికాడు. వాల్వు మార్చే పని లేకుండానే బాగుచేయగలిగారు. తెగిన తాడుకు బదులు కొత్త తాడు కట్టి, సాగిన అంచుకు ఒక రింగు కుట్టారు. లీకేజీ దాదాపు లేదు. కానీ సర్జను వరండాలో నన్ను పక్కకు పిలిచాడు. “కారుతున్నన్నాళ్ళూ గుండెకు సగం రక్తం వెనక్కి తోయడం తేలిక. ఇప్పుడు అంతా ముందుకే నెట్టాలి. దాని అసలు బలం ఎంతో ఇప్పుడు బయటపడింది. పంపింగ్ తగ్గింది. ఆయాసం మొదలైనప్పుడే వచ్చి ఉంటే ఇంత తగ్గేది కాదేమో. మందులు వాడదాం, ఆరు నెలల్లో కొంత తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు. నడవొచ్చు, చిన్నచిన్న పనులు చేసుకోవచ్చు. బరువులు ఎత్తే పని మాత్రం ఇక మరిచిపోవాలి.” నేను అమ్మకు వాల్వు బాగైందన్న సగమే చెప్పాను.

వార్డుకు మార్చిన మూడో రోజో నాలుగో రోజో మధ్యాహ్నం, ఊపిరితిత్తులు బాగా తేలికయ్యాయి, ఇక మామూలుగా పడుకోవచ్చు అని డాక్టరు చెప్పి పోయాడు. నర్సు వచ్చి మంచం తలవైపు దించబోయింది. మా నాయన రెండు చేతులతో పక్క కడ్డీలు పట్టుకున్నాడు.

“బేడమ్మా, బేడ,” అన్నాడు కన్నడంలో, వద్దని. కట్టుకట్టిన ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. నర్సు నావైపు చూసింది. కాసేపు ఆగమని సైగ చేశాను. ఆమె వెళ్ళిపోయింది.

“నాయనా, ఫుట్‌వాల్వు బాగు జేసినారు గదా. ఇప్పుడు మోటరు ఆపినా నీళ్ళు పైపులోనే నిలబడతాయి. ఇది గూడా నేను చెప్పల్లనా నీకు?”

“అది తెలుసు.”

“మల్లేంది?”

కడ్డీ మీద వేళ్ళు తెల్లబడ్డాయి. ఊర్లో అంత నోరున్న మనిషి, చిన్నపిల్లాడి గొంతుతో అడిగాడు.

“ఆపితే మళ్ళా స్టార్టయితాదామ్మే?”

ఇన్నాళ్ళూ ఆయన నాతో వాదం పెట్టుకున్నాడనుకున్నాను. ఆ కుర్చీ, ఆ స్టూలు, ఆ దిండ్లు, ఆ ఫుట్‌వాల్వు లెక్క అంతా భయం. కళ్ళు మూస్తే తెరవనేమోనన్న భయం. దాన్ని భయం అని చెప్పడం చేతకాక, తనకు తెలిసిన ఒక్క విద్యతో దానికి కారణం చెప్పుకున్నాడు.

“అయితాది,” అన్నాను. “నేనీడే కూచోనుంటా. కాకపోతే బకెట్టు నీళ్ళు పోసైనా స్టార్టు జేస్తా.”

“పేడ కలపద్దు,” అన్నాడు.

నవ్వబోయి కుట్లు లాగి, దిండు ఛాతీకి అదుముకున్నాడు. నేను మర తిప్పుతూ మంచం తలవైపు కొంచెం దించాను. ఆగి ఆయన ముఖం చూశాను. ఊ అన్నాడు. ఇంకొంచెం దించాను. అట్లా ఆగి ఆగి, మంచం బల్లపరుపుగా అయింది. ఆయన పైకప్పు వైపు చూస్తూ కాసేపు ఊపిరి బిగబట్టాడు, తర్వాత వదిలాడు. కడ్డీ మీద చేతులు ఒక్కొక్కటే జారాయి. నిద్రపట్టేసింది.

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. దుప్పటి లేవడం, దిగడం తప్ప ఆ గదిలో ఇంకేమీ చూడలేదు. ఒకటి రెండుసార్లు లేవడం కాస్త ఆలస్యమైతే నేను కూడా ఊపిరి పీల్చడం ఆపేశాను. కిటికీలో ఎండ మంచం మీంచి గోడ మీదికి పాకింది. టీ తెచ్చినతను పెట్టి పోయిన టీ చల్లారిపోయింది.

అప్పుడు కళ్ళు తెరిచాడు. ముందు ఫ్యాను చూశాడు, తర్వాత నన్ను.

“స్టార్టయిందిమ్మే,” అన్నాడు.

నేను చీరచెంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. పక్క మంచం దగ్గరున్న పెద్దావిడ ఏం జరిగిందోనని పరుగెత్తుకొచ్చింది. ఏమీ కాలేదమ్మా, మా నాయన పడుకుని లేచాడు, అంతే అని చెప్పాను.